అమ్మని పెట్టిన కేర్ హోమ్‌లో బెడ్‌సోర్ వచ్చింది, ఇది మామూలేనా? ఎవరికి చెప్పాలి?

పూణే_తెలుగమ్మాయి:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదివి తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

మా అమ్మకి 76 ఏళ్ళు. కిందటేడు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దముద్దగా వస్తుంది, షుగర్ ఎప్పట్నుంచో ఉంది. నాన్న లేరు. నేను పూణేలో, అన్నయ్య న్యూజెర్సీలో. మొదట్లో తెనాలిలో మా ఇంట్లోనే ఉంచి బ్యూరో వాళ్ళ ద్వారా ఒక అమ్మాయిని పెట్టాం, ఆ అమ్మాయి మానేసింది, తర్వాత ఇంకొకావిడ వచ్చింది, ఆవిడ సంక్రాంతికని ఊరెళ్ళి మళ్ళీ రాలేదు, ఫోన్ కూడా ఎత్తలేదు. ఇలా ఎన్నాళ్ళని హైదరాబాద్ శివార్లలో ఒక కేర్ హోమ్‌లో చేర్పించాం. నెలకి 42,000. డైపర్లు, మందులు, ఫిజియోథెరపీ అవన్నీ వేరే. చేరేటప్పుడు 24 గంటలూ నర్సు ఉంటుంది, వారానికోసారి డాక్టరుగారు వచ్చి చూస్తారు అన్నారు. రూములు శుభ్రంగానే ఉన్నాయి, ముందు మొక్కలు అవీ ఉన్నాయి, వంటగది కూడా చూపించారు.

రోజూ సాయంత్రం వాట్సాప్‌లో అమ్మ ఫోటో పెడతారు. తల దువ్వి, బొట్టు పెట్టి, వీల్‌చైర్‌లో కూర్చోబెట్టిన ఫోటో. కింద "అమ్మగారు బావున్నారు మేడం, టిఫిన్ తిన్నారు" అని మెసేజ్. వీడియో కాల్ చేస్తే అమ్మ ఏదో చెప్పబోతుంది, ఈలోగా పక్కనున్న ఆయమ్మ "బానే ఉన్నారమ్మా, మీరేం బెంగ పెట్టుకోకండి" అంటుంది.

పోయిన వారం మా పిన్ని కూతురు అటువైపు పనుండి వెళ్ళి, ముందు ఫోన్ చెయ్యకుండా లోపలికి వెళ్ళింది. అప్పుడే అమ్మకి డైపర్ మారుస్తున్నారట. నడుం కింద, వెన్నెముక చివర ఎముక ఉంటుంది కదా అక్కడ పది రూపాయల బిళ్ళ కంటే పెద్ద పుండు, చర్మం మొత్తం లేచిపోయి లోపల ఎర్రగా, అంచుల్లో పసుపు పచ్చగా ఉంది, దాని మీద పౌడర్ చల్లి ఉంచారు. కుడి మడమ మీద నల్లటి మచ్చ. మా చెల్లి ఫోటో తీసి పంపింది, ఆ ఫోటో చూశాక నాకు అన్నం సహించట్లేదు.

మేనేజర్‌కి ఫోన్ చేస్తే "ఈ వయసులో షుగర్ పేషెంట్లకి ఇది మామూలే మేడం, చెప్తే మీరు కంగారు పడతారని చెప్పలేదు" అన్నాడు. చెప్పకపోవడమే నన్ను ఎక్కువ భయపెడుతోంది. ఇంకా ఏమేం చెప్పలేదో?

నా ప్రశ్నలు ఏంటంటే, ఇది నిజంగా మామూలేనా? అజాగ్రత్త అయితే ఎవరికి కంప్లైంట్ ఇవ్వాలి, అసలు ఇలాంటి హోమ్‌లని తనిఖీ చేసేవాళ్ళు ఎవరైనా ఉంటారా? అన్నయ్య ఏమంటాడంటే గొడవ పెట్టుకోవద్దు, మనం ఇక్కడ అరిస్తే వాళ్ళు అక్కడ అమ్మ మీద చూపిస్తారు అని. ఆ భయం నాకూ ఉంది. అలాగని ఊరుకుంటే ఎలా?

నైట్‌షిఫ్ట్_నర్స్:

అక్కా, నేను గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ చేసి, హైదరాబాద్‌లో ఐసీయూలో పని చేసి, ఇప్పుడు అమెరికాలో ఒహాయోలో నర్సింగ్ హోమ్‌లో పని చేస్తున్నా. రోజూ నేను చూసే పనే ఇది కాబట్టి చెప్తున్నా, కంప్లైంట్ సంగతి తర్వాత, ముందు పుండు సంగతి చూడండి. అమ్మగారికి జ్వరం ఉన్నా, మామూలుకంటే మత్తుగా ఉన్నా, పుండు దగ్గర వాసన వస్తున్నా, షుగర్ ఒక్కసారిగా పెరిగినా వారానికోసారి వచ్చే డాక్టర్ కోసం ఆగొద్దు, అదే రోజు హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి. ఆ ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పోతే ఈ వయసులో తట్టుకోవడం చాలా కష్టం. మడమ మీద నల్ల మచ్చ అన్నారు కదా, అది పైకి చిన్నగా కనిపించినా లోపల కండ దెబ్బతిని ఉండొచ్చు, సర్జన్‌కి చూపించాల్సిందే.

మామూలేనా అన్నారు. వచ్చే అవకాశం ఎక్కువ అన్నది నిజం, మామూలు అన్నది మాత్రం నిజం కాదు. మంచం మీద ఒకే వైపు పడుకుంటే ఎముకకీ పరుపుకీ మధ్య చర్మం నలిగి అక్కడికి రక్తం అందదు, కొన్ని గంటల్లోనే దెబ్బతినడం మొదలవుతుంది. మొదట ఎర్రటి మచ్చ కనిపిస్తుంది. వేలితో నొక్కి వదిలితే మంచి చర్మం ఒకసారి తెల్లబడి మళ్ళీ ఎర్రబడుతుంది, దెబ్బతిన్న చర్మం తెల్లబడదు, ఎర్రగానే ఉండిపోతుంది. అదే మొదటి దశ. అప్పుడే పట్టుకుంటే చాలాసార్లు పుండు దాకా పోదు. మీరు చెప్పినదాన్ని బట్టి చర్మం లేచిపోయి అంచుల్లో పసుపు కనిపిస్తోందంటే అది నిన్నా మొన్నా వచ్చింది కాదు, రోజూ డైపర్ మార్చే మనిషికి అది కనపడకుండా ఉండదు. ఎవరో చూశారు, పైవాళ్ళకి చెప్పలేదు, లేదా చెప్పినా పైవాళ్ళు పట్టించుకోలేదు.

పౌడర్ ఆపించండి ముందు. పుండు మీద పౌడర్, హైడ్రోజన్ పెరాక్సైడ్, పసుపు ఏవీ వద్దు. ఎర్రబడ్డ చోట నూనె రాసి మర్దనా చేస్తారు చాలామంది ప్రేమగా, అది కూడా వద్దు, లోపల ఇంకా నలుగుతుంది. మధ్యలో కంత ఉండే రబ్బరు రింగు మీద కూర్చోబెడతారు, అదీ వద్దు, చుట్టూ రక్తం ఆగిపోతుంది. గాలి మారే ఎయిర్ బెడ్ వేయించండి, మోటార్ ఆన్‌లో ఉందో లేదో చూడమనండి, చాలాచోట్ల సౌండ్ వస్తోందని రాత్రి పూట ఆపేస్తారు. ఎయిర్ బెడ్ ఉంది కదా అని తిప్పడం మానకూడదు. మంచం మీద రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, వీల్‌చైర్‌లో గంటలు గంటలు కూర్చోబెట్టకూడదు, పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉండేలా చూడాలి. తిండిలో ప్రొటీన్ ముఖ్యం, పుండు ఉన్నవాళ్ళకి కేజీ బరువుకి రోజుకి సుమారు 1.25 నుంచి 1.5 గ్రాములు కావాలంటారు, అంటే 50 కేజీల మనిషికి దాదాపు 62 నుంచి 75 గ్రాములు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం చారన్నం, రాత్రి జావ పెడితే అందులో సగం కూడా రాదు. గుడ్డు, పాలు, గట్టి పప్పు, పెరుగు అడగండి. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టర్ని అడిగే పెట్టాలి.

తనిఖీ గురించి అడిగారు కాబట్టి ఇక్కడ సంగతి కూడా చెప్తా. అమెరికాలో 1987లో నర్సింగ్ హోమ్‌ల మీద ఒక చట్టం తెచ్చారు. ప్రభుత్వ డబ్బు తీసుకునే ప్రతి హోమ్‌కీ రాష్ట్రం నుంచి ఇన్‌స్పెక్టర్లు చెప్పాపెట్టకుండా వస్తారు, రెండు తనిఖీల మధ్య 15 నెలలకి మించకూడదు. వాళ్ళు రాసిన తప్పుల రిపోర్టు పేషెంట్లూ బంధువులూ చదువుకునేలా హోమ్‌లోనే అందుబాటులో ఉంచాలి, ఇంటర్నెట్‌లో స్టార్ రేటింగ్‌తో పాటు కూడా దొరుకుతుంది. అక్కడ పుట్టిన బెడ్‌సోర్లు కూడా లెక్కలోకి వస్తాయి. కంప్లైంట్లు వినడానికి అంబుడ్స్‌మన్ అని వేరే మనిషి ఉంటారు, ఆ నంబరు గోడ మీద అందరికీ కనిపించేలా పెట్టాలి. ఇన్ని ఉన్నా ఇక్కడ అంతా బాగుందని నేను అనను. ఒక్కో పేషెంట్‌కి రోజుకి కనీసం 3.48 గంటల కేర్ అందేలా స్టాఫ్ ఉండాలని 2024లో రూల్ తెచ్చారు, 2025లో కోర్టు దాన్ని కొట్టేసింది. రాత్రి ఎవరైనా డ్యూటీకి రాకపోతే ఒక్కదాన్నే పరిగెత్తిన రోజులు నాకూ ఉన్నాయి. కానీ ఎవరో ఒకరు వచ్చి కాగితాలు తీసి, దుప్పటి ఎత్తి చూస్తారనే భయం మాత్రం ఉంటుంది. మన దగ్గర ఆ భయం పెట్టేవాళ్ళు లేరు.

కూకట్‌పల్లి_రిటైర్డ్:

అమ్మా, నేను ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైర్ అయినవాణ్ణి, మా అన్నయ్యని ఒక హోమ్‌లో పెట్టినప్పుడు ఈ ఆఫీసులన్నీ తిరిగాను కాబట్టి కంప్లైంట్ సంగతి నేను చెప్తాను.

అందరూ ముందు చెప్పేది 2007 తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం, ఆర్డీవో దగ్గర ట్రైబ్యునల్ అని. అది మీ సమస్యకి పనికిరాదు. ఆ ట్రైబ్యునల్ ఉన్నది తల్లిదండ్రుల్ని చూడని పిల్లలు, బంధువుల మీద మనోవర్తి కోసం, ఆస్తి రాయించుకుని వదిలేసినవాళ్ళ మీద ఆ రాతకోతలు రద్దు చేయించుకోవడం కోసం. డబ్బు తీసుకుని చూసుకునే ప్రైవేటు హోమ్ సరిగ్గా చూడట్లేదంటే ఏం చెయ్యాలో అందులో లేదు. జిల్లాకి ఒకటి చొప్పున కనీసం 150 మంది పేద వృద్ధులకి రాష్ట్ర ప్రభుత్వం ఆశ్రమం పెట్టొచ్చని ఒక సెక్షన్ ఉంది, అది వేరే సంగతి. ప్రైవేటు కేర్ హోమ్‌లన్నీ రిజిస్టర్ అవ్వాలి, కనీస ప్రమాణాలు పాటించాలి అని 2019 డిసెంబర్‌లో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు, అది కమిటీకి వెళ్ళింది, చట్టం కాకుండానే ఆ సభ గడువు అయిపోయింది. నాకు బాధ కలిగించేది ఇదే. ఊరి చివర ఇల్లు అద్దెకి తీసుకుని నాలుగు మంచాలు వేసి బోర్డు పెట్టేస్తున్నారు, సొసైటీగానో ట్రస్టుగానో కంపెనీగానో కాగితం ఉంటుంది, ఆ కాగితంలో మంచానికి ఎంతమంది మనుషులుండాలో ఎక్కడా ఉండదు.

అలాగని దారి లేదని కాదు. ముందు 14567కి ఫోన్ చెయ్యండి, అది ఎల్డర్‌లైన్, వయోవృద్ధుల కోసం కేంద్రం పెట్టిన ఉచిత నంబరు, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా తెలుగులోనే మాట్లాడతారు. అవసరమైతే వాళ్ళ మనిషి వెళ్ళి చూసి వచ్చే ఏర్పాటు కూడా ఉంది. ఫోన్ చేసిన తేదీ, వాళ్ళిచ్చిన నంబరు రాసిపెట్టుకోండి. తర్వాత కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలో రాతపూర్వకంగా ఇవ్వండి, మీరు రాలేకపోతే మీ చెల్లెలితో ఇప్పించండి, అది వయోవృద్ధుల సంక్షేమం చూసే జిల్లా అధికారికి వెళ్తుంది. ఆంధ్రాలో అయినా సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. లోపల సెలైన్లు, ఇంజెక్షన్లు, డ్రెస్సింగులు చేస్తున్నారంటే అది వైద్యం చేస్తున్నట్టే కదా, దానికి రిజిస్ట్రేషన్ ఏముందో చూపించమని డీఎంహెచ్‌ఓకి, అంటే జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి, ఇంకో కాపీ పెట్టండి. ఎవరైనా కొట్టినట్టు, కట్టేసినట్టు అనుమానం వస్తే మాత్రం ఆఫీసులు కాదు, నేరుగా పోలీసులే. 2020 జనవరిలో కీసర దగ్గర నాగారంలో వృద్ధాశ్రమం పేరుతో నడిచిన ఒక ఇంట్లోంచి పోలీసులు చాలామందిని బయటికి తెచ్చారు.

డబ్బు కట్టారు, సేవలో లోపం ఉంది, కాబట్టి జిల్లా కన్స్యూమర్ కమిషన్‌కి కూడా వెళ్ళొచ్చు. మీరు కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు, రెండేళ్ళ లోపు వెయ్యాలి. దానికి కావాల్సింది రుజువులు. అగ్రిమెంట్, రసీదులు, వాట్సాప్ మెసేజ్‌లు ("బావున్నారు మేడం" అని రోజూ పెట్టినవి అన్నీ, ఒక్కటి కూడా డిలీట్ చెయ్యకండి), చెల్లెలు తీసిన ఫోటో తేదీతో సహా. వచ్చి చూసే డాక్టర్ రాసిన కాగితాల కాపీలు అడగండి, పేషెంట్ తరపున అడిగితే డాక్టర్ 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ నిబంధన ఉంది. నోటితో అడగొద్దు, ఈమెయిల్ పెట్టండి.

మీ అన్నయ్యగారి భయం తప్పు కాదు. అందుకే వరస ముఖ్యం. అమ్మగారు ఇంకా అక్కడే ఉండగా నోటీసు పంపకండి. కాగితాలు తీసుకోండి, వైద్యం చేయించండి, చోటు మార్చండి, ఆ తర్వాత కంప్లైంట్.

ఓరుగల్లు_బిడ్డ:

నేను ఇసొంటి హోమ్‌లనే ఫ్లోర్ ఇన్‌చార్జ్‌గా చేస్తున్న. మీ పోస్ట్ చదివి ఊకోలేక రాస్తున్న, తప్పు పట్టకుండ్రి.

మీ అమ్మకు అయింది తప్పే, చెప్పకపోవుడు ఇంకా పెద్ద తప్పు. కని అక్కడ పని చేసే ఆడివిల్లల మీదికి మొత్తం పోకుండ్రి. మా దగ్గర రాత్రి పూట 22 మందికి ఇద్దరే ఉంటరు. అందుల 12 మంది బెడ్ మీద ఉన్నోళ్ళు, ఒక్కలు గూడ సొంతంగ తిరగలేరు. రెండు గంటలకొకసారి తిప్పాలె అంటరు గద, లెక్క చేయుండ్రి. డైపర్ చూసి, తడిసుంటే మార్చి, తుడిచి, పక్కకు తిప్పి, వీపెనుక దిండు పెట్టి, కాళ్ళ మధ్యల దిండు పెట్టేసరికి ఒక్కొక్కలకు పది నిమిషాలు. పన్నెండు మందికి 120 నిమిషాలు. అంటే ఆఖరోళ్ళ కాడికి పోయేసరికి మొదటోళ్ళ టైమ్ మల్ల అయితది. బరువున్న మనిషిని ఒక్కలు తిప్పలేరు, ఇద్దరు పట్టాలె. ఈ నడుమల ఒకలు బాత్‌రూమ్‌కు పోతా అంటరు, ఒకలు మంచం దిగుతుంటే ఉరకాలె, ఒకలు మా కొడుకు అచ్చిండా అని ఏడుస్తుంటరు, ఆమె దగ్గర కూసోవాలె గద. తెల్లారి మల్ల స్నానాలు. ఇద్దరిట్ల ఒకామెకు జ్వరమొస్తే ఇగ ఒక్కతే.

ఆళ్ళకు ఎంతిస్తరో ఎరికెనా, 12 గంటల డ్యూటీకి నెలకు 13,000, 14,000. ట్రైనింగ్ అంటే పాతామె ఎనుక రెండు రోజులు తిరుగుడే. ఒడిశా నుంచి, జార్ఖండ్ నుంచి, మా ఆదిలాబాద్ దిక్కు నుంచి వస్తరు, 19, 20 ఏండ్ల పిల్లలు, ముసలోళ్ళు మాట్లాడేది సగం సమజ్ కాదు. పుండు చూసి ఇన్‌చార్జ్‌కు చెప్తే "నువ్వు సరిగ చూసుకోలే" అని జీతంల కోస్తరని చెప్పరు. పౌడర్ ఏసి ఊకుంటరు. నేను మా దగ్గర ఏం చెప్పిన్నంటే, ఎర్రగున్నప్పుడే వచ్చి చెప్పినోళ్ళను ఒక్క మాట అన, దాచిపెట్టినోళ్ళనే అడుగుత అని. అప్పటి సంది చెప్తున్నరు.

గందుకే మీరు కొత్త హోమ్ చూసేటప్పుడు గార్డెన్ చూడకుండ్రి, ఏసీ చూడకుండ్రి. రాత్రి డ్యూటీల ఎంతమంది ఉంటరు, బెడ్ మీద ఉన్నోళ్ళు ఎంతమంది అని అడుగుండ్రి. మేనేజర్‌ను కాదు, పని చేసే పిల్లను అడుగుండ్రి, ఆమె నిజం చెప్తది. వీలైతే రాత్రి తొమ్మిదింటికి ఒకసారి పోయి చూడుండ్రి. రానియ్యకపోతే ఆ హోమ్ ఒద్దు.

ఇంకొక్క మాట. మా దగ్గరికి చానా మంది వచ్చినప్పుడే పుండుతోటి వస్తరు, హాస్పిటల్‌లనో ఇంట్లనో అయింది, జాయిన్ చేసేటప్పుడు చెప్పరు. మేము అందుకే వచ్చిన రోజే ఒళ్ళంత చూసి రాసుకొని సంతకం తీసుకుంటం. మీ అమ్మను చేర్చేటప్పుడు గట్ల రాసిన్రా? రాస్తే ఆ కాగితం అడుగుండ్రి, అప్పుడు పుండు లేదని ఆళ్ళ చేతిరాతనే చెప్తది.

పూణే_తెలుగమ్మాయి:

అందరికీ చాలా థ్యాంక్స్. నర్స్ గారూ, మీ రిప్లై చూసిన రాత్రే చెల్లిని మళ్ళీ పంపించా, అమ్మకి 100 జ్వరం ఉందట, థర్మామీటర్ చెల్లి పెట్టి చూస్తేనే తెలిసింది. వెంటనే హాస్పిటల్‌లో చేర్పించాం, నేను తెల్లవారి ఫ్లైట్‌కి వచ్చేశా. సర్జన్ పుండు శుభ్రం చేశారు, యాంటీబయాటిక్ నడుస్తోంది, మడమ కింద ఇంకా ముదరలేదు అన్నారు, కొంచెం ఊపిరి పీల్చుకున్నా.

వరంగల్ అన్నా (అన్నో అక్కో తెలీదు, ఏమనుకోకండి), మీరు చెప్పింది నాకు కళ్ళకి కట్టింది. నిన్న నేను అమ్మ సామాన్లు తీసుకోవడానికి హోమ్‌కి వెళ్ళా. కూకట్‌పల్లి అంకుల్ చెప్పినట్టు కాగితాలు అడిగా. అడ్మిషన్ రోజు రాసిన షీట్ దొరికింది, "చర్మం బావుంది" అని ఉంది, ఫోటో తీసుకున్నా. తర్వాత పొజిషన్ చార్ట్ చూపించమన్నా. మంచం చివర క్లిప్పు ప్యాడ్‌కి ఉంటుంది అది, రెండు గంటలకో గడి, ఎడమ, కుడి, వెల్లకిల అని. నేను వెళ్ళింది మధ్యాహ్నం మూడున్నరకి. పక్క మంచం ఇంకొక పెద్దావిడది, పొరపాటున ఆవిడ చార్ట్ నా చేతికిచ్చారు. అందులో ఆ రోజు సాయంత్రం 6, రాత్రి 8, 10 గడుల్లో కూడా అప్పటికే టిక్కులు ఉన్నాయి. అన్నీ ఒకే పెన్నుతో, ఒకే ఊపులో. ఆవిడ మాత్రం వెల్లకిలా పడుకుని పైకప్పు కేసి చూస్తూ ఉన్నారు. అమ్మ చార్ట్ అడిగితే పాతవి పారేశాం అన్నారు.

నేను అక్కడ అరవలేదు. ఆ అమ్మాయి మొహం చూస్తే అరవాలనిపించలేదు, ఇరవై ఏళ్ళు కూడా ఉండవేమో. రాత్రి ఎంతమంది ఉంటారమ్మా అని అడిగితే మెల్లిగా చెప్పింది, పై అంతస్తుకి ఒక్కదాన్నే అక్కా అని. 24 గంటల నర్సు అంటే ఎవరు అంటే పగలు వచ్చే మేడం అంది. అగ్రిమెంట్‌లో అదే లైన్ బోల్డ్ అక్షరాల్లో ఉంది.

ఆ పక్క మంచం పెద్దావిడ వాళ్ళబ్బాయి నంబరు ఎలాగో సంపాదించా, ఆయన బెంగుళూరులో ఉంటారు. ఫోన్ చేసి చెప్తే "మాకు రోజూ ఫోటో పెడతారండీ, బానే ఉన్నారు కదా" అన్నారు. ఆ ఫోటో సంగతే నేను చెప్పా, ఆ ఫోటోలో నడుం కనపడదు కదా అని. శనివారం వస్తానన్నారు.

ఇప్పుడు నాకు తేలాల్సింది ఒకటే, హాస్పిటల్ నుంచి అమ్మని ఎక్కడికి తీసుకెళ్ళాలి? అన్నయ్య ఇంకో హోమ్ చూద్దాం అంటున్నాడు, చెల్లి తన దగ్గర పెట్టుకుంటానంటోంది.

బెజవాడ_శ్రీ:

మేము మా అత్తగారిని హోమ్ నుంచి ఇంటికి తెచ్చేసుకున్నామండి, నా అభిప్రాయం ఇంట్లోనే మంచిదని. కానీ ఒక్క మాట నిజంగా చెప్పాలి, ఇంట్లో కూడా రాత్రి రెండు గంటలకోసారి లేచేది ఎవరో ముందే తేల్చుకోండి. మా ఇంట్లో అది నామీద పడింది, మా ఆయన పగలు చూసేవారు, అయినా నాకు బీపీ వచ్చింది. మీ చెల్లెలు ఉద్యోగం చేస్తుంటే పాపం ఆవిడ ఒక్కదాని మీద పెట్టకండి, ప్రేమ ఉంటుంది కానీ నడుం ఉండాలిగా. పగలొకరు రాత్రొకరు మనుషుల్ని పెట్టుకుంటే ఇప్పుడు కట్టే 42,000 దాదాపు దానికే అవుతుంది, పైన మంచం, ఎయిర్ బెడ్ అద్దెకి దొరుకుతాయి. వచ్చినవాళ్ళకి తిప్పడం, పుండు చూడడం హాస్పిటల్‌లో ఉండగానే అక్కడి నర్సు దగ్గర నేర్పించండి, మేమలాగే చేశాం.

నైట్‌షిఫ్ట్_నర్స్:

జ్వరం పట్టుకోవడం మంచిదైంది అక్కా. శ్రీ గారు చెప్పింది కరెక్ట్, ఇల్లా హోమా అన్నదానికంటే రాత్రి లేచే చేతులు ఎన్ని ఉన్నాయో చూసి నిర్ణయించుకోండి. మీ అమ్మగారిని పక్కకి తిప్పడానికి ఇద్దరు కావాలంటే, ఒక్క మనిషే ఉండే చోటు ఏదైనా వద్దు.

ఎక్కడికి మార్చినా డిశ్చార్జ్ సమ్మరీలో పుండు గురించి వివరంగా రాయించుకోండి. "బెడ్‌సోర్ ఉంది" అని ఒక్క ముక్క రాసేస్తారు, ఒప్పుకోవద్దు. ఎక్కడుంది, పొడవు, వెడల్పు, లోతు ఎన్ని సెంటీమీటర్లు, ఏ దశ, ఏ డ్రెస్సింగ్, ఎన్ని రోజులకోసారి మార్చాలి, మడమ ఎలా ఉంది, బరువు ఎంత, ఇవన్నీ ఉండాలి. డ్రెస్సింగ్ మార్చిన ప్రతిసారీ పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయించండి, రెండు మూడు వారాలైనా సైజు తగ్గకపోతే మళ్ళీ సర్జన్‌కి చూపించాలి. ఒకవేళ కొత్త హోమ్ అయితే చేరిన రోజు వాళ్ళ నర్సూ మీరూ కలిసి ఒళ్ళంతా చూసి, ఇద్దరూ సంతకం పెట్టిన కాగితం ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. రోజూ వచ్చే ఫోటో వద్దని చెప్పి, వారానికి రెండుసార్లు నడుం, మడమలు వీడియో కాల్‌లో చూపించమని అగ్రిమెంట్‌లోనే రాయించండి, తలుపు వేసి, అమ్మగారిని అడిగి, మర్యాదగా చూపించాలి, అది వాట్సాప్ గ్రూపులో పెట్టే విషయం కాదు.

అమ్మగారు మాట ముద్దగా వస్తుందన్నారు కదా, ఎడమ చెయ్యి బాగానే ఉందిగా, నొప్పి ఉందా అంటే చెయ్యి పిండమని, లేకపోతే వదిలెయ్యమని అలవాటు చెయ్యండి. కాల్‌లో ఆయమ్మని కాసేపు పక్కకి వెళ్ళమని అడగండి. అమ్మగారు చెప్పబోయింది పూర్తిగా చెప్పేదాకా ఆగండి, అయిదు నిమిషాలు పట్టినా సరే.

కూకట్‌పల్లి_రిటైర్డ్:

అమ్మాయ్, ఆ పక్క మంచం ఆవిడ చార్ట్ ఫోటో తీశావా? తీసి ఉంటే వాళ్ళబ్బాయికి పంపు, ఆయన శనివారం వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి అర్జీ ఇవ్వండి, ఒక్కరిస్తే సొంత గొడవ అంటారు, ఇద్దరిస్తే పక్కకి పెట్టలేరు. సోమవారం ప్రజావాణికి నేనూ వస్తాను, అర్జీ డ్రాఫ్ట్ నాకు మెసేజ్‌లో పంపండి, చూసి పెడతాను. అగ్రిమెంట్‌లో ఆ 24 గంటల నర్సు లైన్ ఉన్న పేజీ మూడు కాపీలు తీయించు.